నీలం బట్టకు జోడీ ఉంది

అక్కా,

పెరట్లో బకెట్‌లో పసుపు రంగులో బట్ట నానుతోంది. నాలుగింటిదాకా మూత తీయకు. పాలు కాచి పెట్టాను, తాగు.

నేను బొంతల ప్రదర్శనకు వెళ్తున్నాను. నా బీరువాలోంచి మాయమైన నీలం బట్ట నిన్న అక్కడ నీ బొంత నడిమధ్యన కనిపించింది. "రంగులన్నీ నా చేత్తో వేసినవేనండీ" అని నువ్వు జడ్జీలతో అంటుంటే నేను నీ వెనకే ఉన్నాను.

కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి ఒక సంగతి తెలియదు. నేనెప్పుడూ రెండు బట్టలు కలిపి మడిచి, ఒకే తాడుతో బిగించి రంగులో ముంచుతాను. ఒకదాని మీద పడ్డ మచ్చలే రెండోదాని మీదా అద్దంలో బొమ్మలా పడతాయి. ఆ రెండోది నా పరుపు కింద ఉండేది. ఇప్పుడు నా సంచిలో ఉంది. కాసేపట్లో జడ్జీల ముందు నీ బొంత పక్కనే పరుస్తాను.

చిన్నప్పుడు నా బొమ్మలన్నీ నీవేనంటే ఊరుకున్నాను. ఈసారి ఊరుకోను.

సాయంత్రం వాళ్ళు నిన్ను పిలిచి, తమ ఎదుట ఒక గుడ్డకు రంగు వేసి చూపించమంటారు. అలా అడగమని నేనే చెబుతాను.

నీ చెల్లెలు

మరిచాను, చేతి తొడుగులు వెతక్కు. నేనే పట్టుకెళ్తున్నాను. ఒక్కరోజైనా నీ గోళ్ళూ నా గోళ్ళలా నీలంగా ఉండాలి.