వెనక పికప్

అన్నయ్యా,

చెరువు మోటారు దగ్గర కరెంటు కొట్టి నువ్వు పోయి నిన్నటికి ఏడాది. మన కోడూరు చర్చిలో నీ బాస్ గిటార్ ఇప్పుడు నేనే వాయిస్తున్నాను, తీగలు మీటే నీ ప్లాస్టిక్ పిక్‌తోనే. ఏడాదిగా మూలపడి, ఉప్పుగాలికి తీగల కింద శబ్దం పట్టే పికప్‌లు పాడైతే బాగు చేయించడానికి బందరు తీసుకెళ్లాను.

"పిక్‌తో వాయిస్తారా? అయితే మధ్యలో ఒక్కటి చాలండీ. వెనక కూడా పెడితే పిక్ తీగకి తగిలే టకటక అంతా స్పీకర్లో వినపడిపోద్ది," అన్నాడు రిపేరు చేసే ఖాదర్ భాయ్.

రొయ్యల చెరువు నీళ్లకు వేళ్ల చర్మం ఊడిపోతుంటేనే కదా నువ్వు పిక్ పట్టావు. పాస్టరుగారు ఎంత విసుక్కున్నా ఆ టకటక మానలేదు. నాకు కావలసింది అదే. రెండూ పెట్టించాను.

ఈ ఉదయం ఆరాధనలో మొదటి పాట ఎత్తుకోగానే, కళ్లు మూసుకుని ఉన్న వదిన ఉలిక్కిపడి తలెత్తింది. నన్ను చూసి, ముఖం చెంగులో దాచుకుంది. బయటికొచ్చాక, "ఆ చప్పుడు తీసెయ్, నానీ. ఇంటికెళ్లాక మళ్లీ ఒక్కదాన్నే ఉండాలి కదా నేను," అంది.

సాయంత్రం కూడికలో వెనక పికప్ వాల్యూమ్ నాబ్ సున్నాకి తిప్పేశాను, అన్నయ్యా. వదిన తలెత్తలేదు.