గేటుకు రాసిన పాత ఆయిల్

ఏమండీ,

రేపు అత్తయ్యని బండి మీద చల్లపల్లి తీసుకెళ్ళాలి. అందుకని మీ బండికి ఇవాళ ఆయిల్ మార్చాను. నా చేత్తో ఇదే మొదటిసారి. కింద బోల్టు ఒక పట్టాన రాలేదు. అంత గట్టిగా బిగించింది మీరే కదా, తిట్టుకుంటూనే విప్పాను. విప్పాక మాత్రం కాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

నల్లబడ్డ ఆయిల్ మీరెప్పుడూ పారబొయ్యనిచ్చేవారు కాదు, గేటు మడతబందులకు రాసేవారు. నేనూ అలాగే రాశాను. మీరు పోయినప్పటినుంచీ కీచుమంటున్న గేటు ఇవాళ చప్పుడు చెయ్యకుండా తెరుచుకుంది.

వరండాలో కునుకుతున్న అత్తయ్య తలెత్తి, “గేటు అరవలేదేంటమ్మా? అబ్బాయి బండికి ఆయిల్ మార్చాడా?” అన్నారు. అనేశాక గుర్తొచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

“మార్చాం అత్తయ్యా,” అన్నాను.