ముత్యం గారి బీపీ

చి॥ షారోన్ సిస్టరమ్మకు జమ్మికుంట పక్క ఊరి నుంచి ముత్యం ఆశీర్వదించి రాయునది. మేమిద్దరం ఇక్కడ కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నన్ను గుర్తుపట్టావో లేదో. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, కరీంనగర్‌లో మీ ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం మీద పడుకున్న రిటైర్డ్ బస్సు కండక్టర్ని. సర్వీసంతా ఇంజను మోతలో నిలబడి చెవులు పోగొట్టుకున్నాను. ఫోన్లో ఎవరి మాటా అందదు. అందుకే ఈ ఉత్తరం.

నీకొక మంచి మాట చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను. నువ్వు నా మణికట్టు పట్టుకుని గడియారం చూస్తుంటే, పాపం డ్యూటీ దిగే వేళయిందేమో అనుకునేవాణ్ని. నాడి చూస్తున్నావని తర్వాత తెలిసింది. నాడి అయిపోయాక కూడా చెయ్యి వదలకుండా నా ఛాతీ వైపే చూస్తూ నిలబడేదానివి. అది ఊపిరి లెక్కట. ముందే చెబితే మనిషి ఊపిరి తీరు మార్చేస్తాడని చెప్పరట. నాకు తెలియకుండా నా ఊపిరిని కాపలా కాశావు తల్లీ.

డాక్టరుగారు చెప్పినట్టే బీపీ మిషన్ కొన్నాను. శుభవార్త ఏమంటే, మీ దగ్గర నూట ఇరవై నాలుగు దాటని బీపీ, ఇంటికొచ్చాక నూట డెబ్బై ఎనిమిదికి ఎదిగింది. కింది నంబరు కూడా నూట నాలుగు. అంతా నీ చేతి చలవ.

ఇట్లు,
నీ మేలు మరవని ముత్యం

తా.క.: నా సర్వీసులో కలెక్షన్ పెరిగినప్పుడల్లా డిపో మేనేజరు భుజం తట్టేవాడు. ఇప్పుడాయన లేడు కాబట్టి మా ఇంటామె ఐలవ్వ చేత తట్టించుకున్నాను.

•

ముత్యం బాపుకు, ప్రభువు నామంలో షారోన్ వందనాలు.

మీ ఉత్తరం మా వార్డులో అందరికీ చదివి వినిపించాను. మంచి మాట చెప్పడానికి ఇంత దూరం ఉత్తరం రాసిన పేషెంటు మాకు మీరొక్కరే. చాలా సంతోషమైంది. కానీ రెండో పేజీకి వచ్చేసరికి చదవడం ఆపి కలం అందుకున్నాను.

బాపూ, బీపీ అంటే కలెక్షన్ కాదు. నెత్తురు తన నాళాల గోడలను ఎంత గట్టిగా నెడుతోందో చెప్పే లెక్క. మీకొచ్చింది చాలా ఎక్కువ. వెంటనే దగ్గర్లోని దవాఖానలో చూపించుకోండి. ఉప్పు తగ్గించండి, పచ్చడి మానండి. ఇంట్లో చూసుకునేటప్పుడు ముందు కాసేపు ఊరికే కూర్చోండి. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచండి. మాట్లాడకండి.

ఆగలేక ఫోన్ కూడా చేశాను. అవ్వ ఎత్తి, “ఆయనకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్నడు” అని పెట్టేసింది.

ఇట్లు,
మీ కూతురులాంటి షారోన్

తా.క.: భుజం తట్టించుకున్న వెంటనే కూడా బీపీ చూసుకోకండి.

•

చి॥ షారోన్ బిడ్డకు ముత్యం దీవెనలు.

నీ ఉత్తరం చూడగానే జమ్మికుంట దవాఖానకు పరుగెత్తాను. అక్కడ నూట ఇరవై ఆరు. నన్ను చూసి నవ్వి పంపించారు. మిషన్ పాడైందని దుకాణానికి పట్టుకుపోయాను. దుకాణదారు తన చేతికే కట్టుకుని చూపించాడు. భేషుగ్గా పనిచేసింది. ఇంటికొచ్చి చూస్తే మళ్లీ నూట డెబ్బై రెండు.

నేను బాగున్నాను, మిషన్ బాగుంది. ఇక మిగిలింది ఇల్లే కదా. వాస్తు చెప్పే శ్రీహరిని పిలిపించాను. ఆయన గోడలు చూసి, దూలం చూసి, మంచం దక్షిణానికి జరపమన్నాడు. జరిపాము. వంటలో ఉప్పు కూడా నువ్వు చెప్పినట్టే తగ్గించాము. ఇద్దరికీ ఒకటే కూర కాబట్టి నా పుణ్యాన ఐలవ్వ కూడా చప్పిడి కూడే తింటోంది. పాపం ఒక్క మాట అనలేదు. పైగా, “నాకు గిట్లనే మంచిగున్నది” అంది.

రెండు వారాలకు నూట అరవై నాలుగుకు దిగింది. శ్రీహరి గొప్పవాడే.

ఇట్లు,
ముత్యం

తా.క.: మంచం ఇంకో మూరెడు జరిపితే పూర్తిగా దిగుతుందట. కానీ అక్కడ బీరువా ఉంది. ముందు బీరువాకు వాస్తు చూడాలంటున్నాడు.

•

ముత్యం బాపుకు వందనాలు.

ఇంటికి బీపీ ఉండదు. బీరువాకు అసలే ఉండదు. దయచేసి దేన్నీ జరపకండి.

దవాఖానలో మామూలుగా, ఇంట్లో ఎక్కువగా వస్తోందంటే మీరు చూసుకునే పద్ధతిలో ఏదో తేడా ఉంది. కుర్చీ వేసుకోవడం మొదలు నంబరు కనిపించేదాకా మీ ఇంట్లో ఏం జరుగుతుందో ఒక్కటి కూడా వదలకుండా రాయండి. ఈలోగా విపరీతమైన తలనొప్పి గానీ, ఛాతీలో నొప్పి గానీ, మాట ముద్దగా రావడం గానీ ఉంటే ఉత్తరం కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయించండి.

నేను సెలవు మీద ఆదిలాబాద్‌లో మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. జవాబు కింది చిరునామాకు పంపండి. మా అమ్మ రోజూ సాయంత్రం ప్రార్థనలో మీ పేరు చెబుతోంది.

ఇట్లు,
షారోన్

తా.క.: మీ పేరుతోపాటు మీ బీపీ నంబరు కూడా చెబుతోంది. దేవుడికి లెక్క సరిగ్గా తెలియాలట.

•

చి॥ షారోన్ బిడ్డకు ముత్యం దీవించి రాయునది.

అడిగినట్టే అన్నీ రాస్తున్నాను. ముందుగా ఐలవ్వను కుర్చీలో కూర్చోబెడతాను. వీపు ఆనించమంటాను. పాదాలు నేల మీద పెట్టిస్తాను. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో. పట్టీ ఆమె మోచేతి పైన చుట్టి బటన్ నొక్కుతాను. నొక్కి, నేను పక్కన మంచం మీద కళ్లు మూసుకుని, కదలకుండా, మాట్లాడకుండా పడుకుంటాను. మిషన్ కూత పెట్టగానే లేచి నంబరు రాసుకుంటాను. ఇందులో తేడా ఏముంది?

ఇక్కడిదాకా రాసి ఆపాను, బిడ్డా. మిగతాది వారం తర్వాత రాస్తున్నాను.

ఆరోజు మా ఊరి ఆశా వర్కర్ వందన వచ్చింది. ఈ కాగితం తీసి చదివింది. మళ్లీ చదివింది. నా చెవి దగ్గరికి వచ్చి ఒక్కో మాటా విడదీసి, “తాతా, గీ బీపీ నీది గాదు. అవ్వది” అంది.

ఇంటికి పంపేటప్పుడు మీ డాక్టరుగారు చెప్పింది, “ఇంటామె చేత కట్టించి చూసుకో” అనట. నాకు వినపడింది, “ఇంటామె చేతికి కట్టించి చూసుకో” అని. అనుమానం రాలేదా అంటావేమో. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు నా కాగితాల మీద ఆమె వేలిముద్రే వేయించారు. వేలు పనికొచ్చినప్పుడు చెయ్యి ఎందుకు పనికిరాదు అనుకున్నాను.

వందన అదే పూట ఐలవ్వను మీ ఆసుపత్రికి తీసుకుపోయింది. నేనూ పోయాను. కొన్ని నెలలుగా ఆమెకు తల వెనక నొప్పి, పత్తి ఏరుతుంటే కళ్లు మసకలట. నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని డాక్టరుగారి ముందే గట్టిగా అడిగాను. “నీకు ఊపిరాడక పరేషాన్ల ఉంటే, నా తల నొస్తుందని ఎవలకు చెప్పాలె?” అంది. ఆ మాట మాత్రం నాకు మొదటిసారే వినపడింది.

ఇంకొన్నాళ్లు ఇట్లాగే వదిలేస్తే కాలూ చెయ్యీ పడిపోయేవన్నారు. ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటోంది. నిన్న నూట ముప్పై ఆరు. కళ్లు తేటగా ఉన్నాయంటోంది. ఆమె పుట్టాక ఏనాడూ ఒక డాక్టరుకు చెయ్యి చాచిన మనిషి కాదు. నువ్వు అన్నీ రాయమని అడగకపోతే నేను రాసేవాణ్ని కాదు. రాయకపోతే వందన చదివేది కాదు. నన్నొకసారి దక్కించావు, ఆమెను నువ్వు చూడకుండానే దక్కించావు. మీ అమ్మకు నా నమస్కారాలు. ప్రార్థన ఆపవద్దని చెప్పు, పేరు మాత్రం మార్చమను.

ఇప్పుడు పొద్దుగూకితే వాడకట్టు ఆడవాళ్లు మా అరుగు మీద కూర్చుంటున్నారు. ఐలవ్వే పట్టీ చుడుతోంది, వందన నంబరు చదువుతోంది. వెనకింటి కోమలకు ఎక్కువ వచ్చింది. సోమవారం మీ ఆసుపత్రికి పంపుతున్నాము. సెలవు నుంచి వచ్చాక కొంచెం చూసుకో.

ఇట్లు,
ఎప్పటికీ నీ మేలు మరవని
ముత్యం, ఐలవ్వ

తా.క.: ఐలవ్వ ఒక మాట రాయమంటోంది. “పొద్దంత అందరి చేతులు పట్టుకుంటది, మరి ఆ బిడ్డ చెయ్యి ఎవలు పట్టుకుంటరు?” అని అడుగుతోంది. బీపీ చూసే సంగతే, పెళ్లి సంగతి కాదు అని కూడా రాయమంది. నాకైతే రెండూ అడిగినట్టే వినపడింది. కాకపోతే నా చెవుల సంగతి నీకు తెలుసు కదా.