వాన గంట మీది స్టిక్కర్

నాయినకు,

సుజాత నమస్కారం. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, అమ్మ, నానమ్మ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. నీ దగ్గు తగ్గిందా? ములకలపల్లిలో వానలు పడుతున్నాయని విన్నాను. పొద్దున్నే చెవులకు మఫ్లర్ కట్టుకోకుండా బయటికి పోకు. నీ మీద కోపం పెట్టుకునే ఇది రాస్తున్నాను గానీ, ఈ మాట రాయకుండా ఉండలేకపోయాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని నువ్వు అడుగుతావు. నేను అసలు సంగతి ఎత్తగానే నువ్వు "ఇగో, మీ అమ్మకిస్తున్న" అని ఫోన్ చేతులు మారుస్తావు. రెండుసార్లు అట్లాగే చేశావు. అందుకే కాగితం తీసుకున్నాను.

ముందు ఇక్కడి ముచ్చట్లు చెబుతాను. గదిలో ముగ్గురం ఉంటున్నాం. కిరాయి ముగ్గురం పంచుకుంటాం, వంట వంతులవారీగా చేసుకుంటాం. నా వంతు వచ్చిన రోజు మిగతా ఇద్దరూ కారం ఎక్కువైందని ముక్కులు తుడుచుకుంటూనే మళ్లీ వడ్డించుకుంటారు. హైదరాబాద్‌లో అన్నీ దొరుకుతాయంటారు గానీ మన చింతకాయ తొక్కు రుచి ఎక్కడా దొరకలేదు. అమ్మను ఒక చిన్న సీసాలో పెట్టి పంపమను. ఆరోగ్యం బాగానే ఉంది, బెంగపడొద్దు.

పని కూడా బాగానే ఉంది. కిరాణా కొట్టు మీద రెండు గదులు, అదే మా కంపెనీ. బడి పిల్లలు ఇంట్లో బిగించుకొని ఆడుకునే ఎలక్ట్రానిక్ కిట్లు తయారుచేస్తాం. ఇప్పుడు వాన గంటలు నడుస్తున్నాయి. చిన్న పలక మీద చినుకు పడితే బజర్ కూస్తుంది. సన్నని కాళ్లున్న భాగాలు, బజర్ మేమే కరిగించిన తగరంతో బోర్డుకు సోల్డర్ చేస్తాం. పెద్ద భాగాలు పిల్లలు అతికించుకునేందుకు వదిలేస్తాం. సోల్డర్ చేశాక బోర్డు మీద జిగురు మిగులుతుంది. దాన్ని స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో శుభ్రంగా కడగాలి. సగం కడిగి వదిలేస్తే ఆరాక తెల్లగా పేరుకుంటుంది. మొదట్లో వేళ్లు కాల్చుకున్నాను, ఇప్పుడు చేయి తిరిగింది.

బజర్ పైన చిన్న రంధ్రం ఉంటుంది. దాని మీద స్టిక్కర్ అంటించి పంపుతారు. బోర్డు కడిగి, ఆరబెట్టిన తరువాతే ఆ స్టిక్కర్ పీకాలి. ముందే పీకితే స్పిరిట్ లోపలికి పోయి కూత పూడుకుపోతుంది. మా పని చూసే సలీమా అక్క నాకు మొదటి రోజు నేర్పిన పాఠం ఇదే. నేను దాన్ని ఎన్నడూ తప్పలేదు, మొన్నటిదాకా.

మొన్న పనిలో ఉండగా మన వాడకట్టు స్వరూప ఫోన్ చేసింది. "ఏందే, మీ అన్న బొగ్గుబాయి డ్యూటీల చేరిండంట. మీ అమ్మ ఇల్లిల్లూ తిరిగి లడ్డూలు పంచింది. నువ్వు రాలే?" అని అడిగింది. నేను "అవ్, లీవ్ దొరకలే" అన్నాను. నీ పరువు కాపాడాను చూడు. ఊరంతా లడ్డూలు తిన్న తరువాత ఇంటి బిడ్డకు ఆ సంగతి తెలిసింది.

ఫోన్ పెట్టేసి మళ్లీ పనిలో కూర్చున్నాను. కాసేపటికి సలీమా అక్క వచ్చి నిలబడింది. "ఏందమ్మా, కడగకముందే స్టిక్కర్లన్నీ పీకినవ్? పానం మంచిగ లేదా?" అంది. చూస్తే ట్రే మొత్తం అట్లాగే కడిగేశాను. ఒక్క బజర్ కూడా సరిగ్గా కూయలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. ఆమెకు అంతా చెప్పాను.

"మాట ఇచ్చిండా మీ నాయిన?" అని అడిగింది.

"అవ్. అమ్మ ముంగటనే."

"అయితే ఆయననే అడుగు. బజర్లదేముంది, మళ్ల దొరుకుతయ్."

అందుకే అడుగుతున్నాను, నాయినా. నీ ఊపిరితిత్తులు బాయి పనికి పనికిరావని డాక్టర్లు చెప్పిన రోజు గుర్తుందా? నీ బదులు పిల్లల్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారని తెలిసి, నులకమంచం మీద కూర్చొని నువ్వే అన్నావు: "దమ్మపేట తోట అన్నకు, నా ఉద్యోగం నీకు. ఐటీఐ చదివింది నువ్వే గద. ఆర్డర్ వచ్చేదాక పట్నం పోయి చేతికి పని నేర్చుకో." నేను అడగలేదు. అడిగి లేదనిపించుకుంటే ఇంత బాధ ఉండేది కాదు. ప్రతి ఆదివారం ఫోన్‌లో "చేయి తిరిగిందా బిడ్డా? రేపు బాయిల అక్కరకొస్తది" అంటూ వచ్చావు. ఆ మాట అంటున్నప్పటికే అన్నకు ఆ ఉద్యోగం కోసం డాక్టర్ పరీక్షలన్నీ అయిపోయాయట. ఎట్లా అనగలిగావు? నన్ను పట్నానికి పంపింది పని నేర్చుకోవడానికా, అడ్డు లేకుండా చేయడానికా?

అమ్మ ఏమందో నీకు తెలుసా? "చెప్తే బాధపడ్తవని చెప్పలే బిడ్డా. రేపు నీకు పెండ్లయితే ఆ నౌకరి పరాయింటికి పోతది గద" అంది. అన్న అయితే ఫోన్‌కు దండం పెట్టే బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు. పగవాడు ఎదురుగా వచ్చి కొడతాడు. మీరంతా కలిసి తడిగుడ్డతో గొంతు కోశారు.

ఆ ఉద్యోగం నాకే ఇప్పించమని ఇది రాయడం లేదు. అన్న చేరిపోయాడు. బాయిలోకి దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు జాగ్రత్తగా ఉండమని చెప్పు. ఇది మనసులోంచే అంటున్నాను. తోటా వాడిదే, ఉద్యోగమూ వాడిదే. నాకు చేతిలో పని ఉంది. దాన్ని మాత్రం నేనే సంపాదించుకున్నాను.

ఈ ఉత్తరంతో పాటు అమ్మకు ఒక వాన గంట పంపుతున్నాను. పాడైన బోర్డుల్లో ఒకదానికి కొత్త బజర్ వేసి, మిగతా భాగాలు కూడా నేనే అతికించాను. మిద్దె మీద బట్టలు ఆరేసినప్పుడు దాని పలకను బయట పెట్టమను. చినుకు పడగానే కూస్తుంది. ఈసారి స్టిక్కర్ పీకకుండా వదిలేశాను. అది ఉన్నంతసేపు కూత సన్నగా వస్తుంది, పక్క గదికి కూడా వినబడదు. దాన్ని నువ్వే పీకు.

నానమ్మకు నా దండాలు చెప్పు. స్వరూపను ఏమీ అనొద్దు, దానికేం తెలియదు. అమ్మను మోకాళ్లకు నూనె రాసుకోమను.

ఎప్పుడు రాసినా నీ దీవెన అడిగి ముగించేదాన్ని. ఈసారి అడగడం లేదు. "నీకిచ్చిన మాట నేను తప్పిన, బిడ్డా" అని నీ నోటితో ఒక్కసారి చెప్పు, చాలు. ఆదివారం పొద్దున గదిలోనే ఉంటాను. ఫోన్ నువ్వే చెయ్యి, అమ్మకియ్యకు.

నీ బిడ్డ,
సుజాత