పొగరాయుళ్ల దీక్ష

జనగామ,
8-2-2010

నా మీద అలిగి మానుకోటలో కూర్చున్న కళావతికి,

ఫోనులో చెబితే సగంలోనే పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. నేను సిగరెట్ మానేదాకా రానని పోయావు. ఇప్పుడు పేపర్లో దీక్ష ఫోటో చూసి మీ అమ్మ వాడంతా చూపించిందట. తెలంగాణ కోసం అన్నం మానినవాడు సిగరెట్ మానడా అని, ఆదివారం నిన్ను పంపిస్తుందని మీ తమ్ముడు చెప్పాడు. నువ్వు రావాలనే నాకూ ఉంది. కానీ అబద్ధాన్ని నమ్మి రావద్దు.

మా బార్లో లోపల పొగ తాగొద్దని బోర్డు పెట్టాక గిరాకీ తగ్గింది. మేనేజర్‌వి కదా, ఉపాయం చెప్పమన్నాడు సేటు. పొగ తాగే చోటు పెరట్లో పెడదామంటే జనరేటరూ డీజిలూ ఉన్నాయి. అందుకని రోడ్డు పక్క ఖాళీ జాగాలో షామియానా వేయించి, కింద జంపఖానా పరిపించాను. గ్లాసూ ప్లేటూ బయటికి తేవద్దని గట్టిగా చెప్పాను, మా లైసెన్సు లోపలికే. టెంటుహౌస్ మజీద్ భాయ్, ఊళ్లో దీక్షలకు తిరుగుతున్న షామియానానే ఇచ్చాడు.

ఇక చూడు. శుక్రవారం పదకొండింటికి ఆ షామియానా కింద నాతో కలిపి ఆరుగురం, రోడ్డు వైపు ముఖాలు పెట్టి వరుసగా కూర్చున్నాం. ముందర తిండి లేదు, నీళ్లు లేవు. అటుగా పోతున్న తెలంగాణ ఊరేగింపు మమ్మల్ని చూసి ఆగింది. గబగబా సిగరెట్లు దాచేశాం. రిటైరైన హెడ్మాస్టరు కాటమయ్య సారు ముందుకొచ్చి అందరి మెడల్లో దండలు వేశాడు. "గింత ఎండల కూసున్నరు, మాకు చెప్పనేలేదేంది బిడ్డా" అని కళ్లు తుడుచుకున్నాడు. పక్కనున్న మా రోజువారీ గిరాకీ కట్టయ్య నిజం చెప్పబోతే నేనే తొడ గిల్లాను. జనం అక్కడే కూర్చుని పాటలు అందుకున్నారు. ఐదింటికి నిమ్మరసం ఇచ్చేదాకా మేమూ కదల్లేదు. కట్టయ్య సగం తాగి వదిలి వచ్చిన బీరు లోపల వేడెక్కిపోయింది.

నవ్వుకో, ఫరవాలేదు. కానీ సారు కళ్లు తుడుచుకుంటే నాకు నిజంగా సిగ్గేసింది. ఇప్పటికీ రోజుకో పెట్టె ఊదుతున్నాను. అరగంట కూడా ఉండలేను. ఇది తెలిసి వస్తే రా.

నీ రాజలింగం

మానుకోట,
11-2-2010

దండలు వేయించుకున్న పెద్దమనిషికి,

మురిసింది మా అమ్మ, నేను కాదు. ఫోటోలో అందరూ కుడి పిడికిలి ఎత్తారు, నువ్వొక్కడివే ఎడమది ఎత్తావు. కుడి చెయ్యి వీపు వెనక ఉంది. పదకొండేళ్లుగా ఆ చెయ్యి నాకు తెలుసు. ఆదివారం వద్దామనుకున్నది నీతో పోట్లాడటానికే.

నీ ఉత్తరం చదివి కడుపు పట్టుకుని నవ్వాను. తర్వాత కోపమొచ్చింది. అరగంట ఉండలేనని నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పినవాడివి, పదకొండు నుంచి ఐదు దాకా ఎట్లా ఉన్నావు? జనం చూస్తుంటే ఉండగలవన్నమాట. నేనొక్కదాన్ని చూస్తే సరిపోలేదు.

అందుకే నేను రావడం లేదు, నువ్వే రా. సోమవారం ఇక్కడి ఆడవాళ్ల దీక్షలో కూర్చుంటున్నాను. నా పక్కన నీ పేరు కూడా రాయించాను. పేర్లు రాసుకునే రుక్కి, "మొగాయన ఎందుకక్కా" అంది. "ఆయనకు అలవాటే, జనగామల జేసిండు" అన్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా అమ్మా, తమ్ముడూ, వాడంతా నీ ఎదురుగా ఉంటారు. నిమ్మరసం నేనే ఇస్తాను. గెలిస్తే సాయంత్రం బస్సుకు ఇద్దరం కలిసి మనింటికి పోదాం.

ఈసారి రెండు చేతులూ కనబడేట్టు కూర్చో.

నీ కళావతి