కరిగిన నీలం రాయి

రాళ్ళ రాణికి,

ఇక్కడ రాళ్ళన్నీ క్షేమం, ఒక్కటి తప్ప.

నా గుడ్డల అరంతా నీ రాగి రాళ్ళే ఆక్రమించాయని, "వాటితోనే కాపురం చేసుకో" అని నోరు జారాను. నువ్వు మీ అక్క ఇంటికి వెళ్ళిపోయావు. ఇప్పుడు వాటితో కాపురం చేస్తున్నది నేనే.

ఆదివారం నువ్వొస్తావేమోనని, పాత గనుల చుట్టూ తిరిగి నువ్వు ఏరుకొచ్చినవన్నీ గిన్నెలో వేసి కడిగాను. ఆకుపచ్చది మెరిసింది. నెమలి మెడ రంగుది ఇంకా మెరిసింది. నీలంది మాత్రం పటికబెల్లంలా కరిగిపోయింది. దానికి తడి తగలకూడదని నువ్వు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

నవ్వకు. ఆ నీలం నీళ్ళు పారబొయ్యలేదు. నీ జాకెట్టు కుట్టగా మిగిలిన దారం అందులోకి వేలాడదీసి, గిన్నెని నా మిషను బల్ల మీదే పెట్టాను. మనింట్లో ఎండ పడేది ఆ కిటికీ దగ్గరే కదా. నీళ్ళు ఆరేకొద్దీ దారాన్ని పట్టుకుని పంచదార పలుకులంత నీలం పేరుకుంటోంది. చిన్న కుదుపుకే రాలిపోతోందని మిషను తొక్కడం మానేశాను. బట్టలిచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి తిట్టిపోతున్నారు. తిట్టనీ.

"ఆ మిషను చప్పుడులో నా మాట ఎప్పుడు విన్నావు గనక" అని దెప్పేదానివి. ఇప్పుడు ఇంట్లో ఏ చప్పుడూ లేదు. వచ్చి, ఏదో ఒకటి మాట్లాడు.

నీ దర్జీ