మెదపని ఉలవలు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున అక్క నీ ఫొటోకి దండ వేస్తుంటే నేను తలెత్తలేకపోయాను.

నీ గుర్రం లక్ష్మికి నువ్వు రోజూ ఉలవలు ఉడకబెట్టి, చేత్తో మెదిపి పెట్టేవాడివి. గారాబమనుకుని నవ్వేవాణ్ణి. నువ్వు పోయాక, ఆటో తోలుకునే నాకు అంత తీరికెక్కడిదని, ఉలవలు నానబెట్టి తొట్లో పోసి వెళ్లిపోయేవాణ్ణి. అది నమిలి నమిలి ఉండలుగా ఉమ్మేసేది. ఎముకలు తేలాయి. ముసలిదైపోయింది, ఇక తినదని నాకు నేనే తేల్చేసుకున్నాను. మొన్న మల్కాపురం అవతలికి తీసుకెళ్లి తాడు విప్పేశాను. నా వెనకే నాలుగడుగులు వేస్తే అదిలించాను. అక్కతో చచ్చిపోయిందని చెప్పాను.

ఇవాళ ఆటో తీసుకుని స్టేషన్‌కి వెళ్తే, లక్ష్మి అక్కడుంది. రైలొచ్చే వేళకి బండి లేకుండానే వచ్చి, జట్కాల వరసలో నీ వంతుకి నిలబడింది. నీతో జట్కా తోలిన అప్పన్న తాత దాని నోరు తెరిచి చూశాడు.

"పళ్లన్నీ అరిగిపోనాయిరా, ఎలాగ నముల్తాది? మీ బావ మెదిపి ఎట్టీవోడు గదా. నువ్వు సూడనేదేటి?"

చూశాను బావా. రోజూ చూశాను.

ఆటో అక్కడే వదిలేసి, కంచరపాలెంలో ఇంటిదాకా దాన్ని నడిపించుకుని తెచ్చాను. అక్క గుమ్మంలోంచి దాన్ని చూసింది, నన్ను చూసింది. లోపలికెళ్లి పొయ్యి మీద ఉలవలు పెట్టింది. ఉడికాక నేను మెదుపుదామని చెయ్యి చాపితే, గిన్నె తన వైపు లాక్కుంది.